ముక్కు చెప్పిన మాట

కారులో ఆయిల్ తగ్గితే డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతుంది. తలుపు సరిగా పడకపోతే బొమ్మ వేసి మరీ చూపిస్తుంది. బెల్టు పెట్టుకోకపోతే పెట్టుకునేదాకా మోగుతూనే ఉంటుంది. లోపల కంపు కొడితే మాత్రం ఏ దీపమూ వెలగదు, ఏ గంటా మోగదు. లక్షలు పోసి కొన్న బండిలో ఈ ఒక్కదాన్ని కనిపెట్టే పని మన ముక్కుకే వదిలేశారు. సరే, ముక్కు తన పని తాను చేస్తుంది. అది చెప్పిన మాటను సర్వీసు సెంటర్లో ఎవరైనా నమ్ముతారా అన్నదే చిక్కు.

మైలవరం చుట్టుపక్కల కారున్నవాళ్లకు ఈ బాధ ఏదో ఒక రోజు తగిలే ఉంటుంది. ఎండలు ఎక్కువ, మామిడి తోటలు ఎక్కువ. నీడ కనిపిస్తే చాలు, బండిని చెట్టు కిందకు చేరుస్తాం. ముందు అద్దం అడుగున, వైపర్ల కింద నల్లటి ప్లాస్టిక్ జల్లెడ ఒకటి ఉంటుంది. వాన నీళ్లు దాని గుండా దిగి పక్కలకు జారిపోవాలి. కారు తన లోపలికి గాలి పీల్చుకునే దారి కూడా చాలా బళ్లలో అక్కడే. రాలిన పూత, ఎండుటాకులు, పుల్లలు అందులో చేరి, ఒక వాన పడగానే నాని కుళ్లుతాయి. నీళ్లు పోయే దారి పూడుకుపోతుంది. నిలిచిన నీరు చిన్న సందు దొరికినా కార్పెట్ కిందకు దిగుతుంది. పైన మ్యాట్ పొడిగానే ఉంటుంది కాబట్టి యజమానికి ఏమీ కనిపించదు. వారం తర్వాత ఎక్కడినుంచో తెలియని ముక్కవాసన మొదలవుతుంది.

చెట్టు కింద పెట్టనివాళ్లకు ఏసీ ఉండనే ఉంది. ఏసీ వేసినప్పుడు కూలింగ్ కాయిల్ మీద చెమ్మ పడుతుంది. ఆ నీరు సన్నటి గొట్టంలోంచి బయటికి కారిపోవాలి. ఎండాకాలం ఆగిన కారు కింద చిన్న మడుగు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, గొట్టం బాగుందని అర్థం. అది మట్టితో మూసుకుపోతే నీరంతా ముందు సీటువాళ్ల కాళ్ల దగ్గర కార్పెట్‌లోకి చేరుతుంది. గొట్టం బాగున్నా మనకో అలవాటుంది. ఇల్లు చేరగానే ఏసీ, ఇంజను ఒక్కసారే కట్టేసి దిగిపోతాం. కాయిల్ తడిగానే ఉండిపోతుంది. చీకటి, చెమ్మ, దుమ్ము ఒకచోట చేరితే బూజు పట్టడానికి ఇంకేం కావాలి? మర్నాడు పొద్దున ఏసీ వేసిన మొదటి రెండు నిమిషాలూ తడి సాక్సుల కంపు గుప్పుమంటుంది. దిగడానికి కాస్త ముందు ఏసీ ఆపి ఫ్యాను తిరగనిస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఆ ముక్క బండి చేతికిచ్చే రోజున చెబితే బాగుండేది. ఆ రోజు కొబ్బరికాయ, నిమ్మకాయలు, ఫొటోల హడావిడిలో ఎవరికీ తీరిక ఉండదు.

కోతలయ్యాక ఎలుకల వంతు. బానెట్ కింద వెచ్చదనం వాటికి ఇష్టం. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు కడతాయి, వైర్లు కొరుకుతాయి, దారి తప్పి బ్లోయర్‌లో పడి చచ్చిపోతాయి. వాటిని తరమడానికి బానెట్‌లో పొగాకు కాడలు పెట్టేవాళ్లున్నారు, నాఫ్తలీన్ గోలీలు గుడ్డలో కట్టి వేలాడదీసేవాళ్లున్నారు. ఎలుక కొరికిన దానికి వారంటీ రాదన్న సంగతి మాత్రం సర్వీసు సెంటర్లో మొదటి మాటలోనే తెలుస్తుంది. ఇక మామిడి సీజన్లో డిక్కీ నిండా రసాలో బంగినపల్లో వేసుకుని బంధువుల ఇళ్లకు తిరుగుతాం. అందులో ఒక పండు జారి స్టెప్నీ గుంటలో పడిందంటే, శ్రావణ మాసం దాకా తన ఉనికి చాటుకుంటూనే ఉంటుంది.

అన్ని వాసనలూ ఇలా నవ్వుకుని ఊరుకునేవి కావు. తియ్యగా, జిగురుగా తగిలితే కూలెంట్ కారుతుందేమో చూడాలి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్‌కు ఆ తీపి ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసనైతే బ్యాటరీ అతిగా ఛార్జి అవుతూ ఉండవచ్చు, లేదా సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతిని ఉండవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తే అనుమానం క్లచ్ ప్లేటు మీదికి పోవాలి. పెట్రోలు వాసన వస్తే ఆలోచించడానికి ఏమీ లేదు, పక్కకు ఆపి అందరూ దిగిపోవడమే. పొగ వాసన లోపలికి వస్తుంటే అద్దాలు దించుకోవాలి. ఎందుకంటే ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు తనదంటూ వాసన లేదు, ప్రాణం తీసే గుణం మాత్రం ఉంది. ముక్కు ఇక్కడ కాపలాదారు. అది పిలిచినప్పుడు పలకకపోతే నష్టం మనదే.

ఇప్పుడు ఆ ముక్కును వెంటబెట్టుకుని మైలవరం మనిషి విజయవాడ బయల్దేరాడనుకోండి. పొద్దున్నే బండి తీస్తాడు, కంపు గుప్పుమంటుంది. జి.కొండూరు దాటి, కొండపల్లి దాటి, ఇబ్రహీంపట్నం దగ్గర లారీల మధ్య పడి, గొల్లపూడి మీదుగా ఊళ్లోకి వచ్చి, సర్వీసు సెంటర్ గేటు చేరేసరికి గంటకు పైనే పడుతుంది. అంతసేపూ ఏసీ నడిచింది. బూజు వాసన ఎక్కువగా వచ్చేది మొదట్లోనే కాబట్టి ఆపాటికి అది తగ్గిపోయింది. ఆయన ముక్కు కూడా దానికి అలవాటు పడిపోయింది. ఏ దూరం నుంచి వచ్చి ఫిర్యాదు చేశాడో ఆ దూరమే ఆధారాన్ని తుడిచేసింది.

కౌంటరు దగ్గర మాటలు ఎలా నడుస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

"ఏసీ వేయగానే వాసన వస్తోందండి."

"ఇప్పుడైతే రావట్లేదు కద సార్."

"పొద్దున్నే వస్తుందండి. ఓ రెండు నిమిషాలు."

"మాకేం తెలియట్లేదు సార్. ఏసీ ఫిల్టర్ మార్చి, ఇంటీరియర్ క్లీనింగ్ చేయిద్దాం. సరిపోద్ది."

వెంట ఇల్లాలు ఉంటే ఆ సంభాషణకు ఇంకో మలుపు ఉంటుంది. ఇంట్లో వాసన మొదట పసిగట్టేది చాలాసార్లు ఆవిడే. వాసనలు గుర్తుపట్టే పరీక్షల్లో సగటున స్త్రీలు పురుషుల కంటే కాస్త ముందుంటారని ఎన్నో పరిశోధనలు తేల్చాయి. ఆవిడ ఎక్కడ, ఎప్పుడు, ఎలాంటి వాసనో వివరంగా చెబుతుంది. సర్వీస్ అడ్వైజర్ అంతా విని, ఆవిడతో కాకుండా భర్త వైపు తిరిగి, "మేడం గారికి అలా అనిపిస్తోందేమో సార్" అంటాడు. ఆ మాటలో మర్యాదకు లోటు లేదు. నమ్మకమే లేదు.

సాయంత్రం బండి తిరిగి వస్తుంది. టైర్లు నల్లగా నిగనిగలాడుతుంటాయి. గేరు రాడ్డు పక్కన నిమ్మవాసన సీసా ఒకటి కొత్తగా కూర్చుని ఉంటుంది. మనం చెప్పిన నాలుగు వాక్యాలు జాబ్ కార్డులో "బ్యాడ్ స్మెల్" అన్న రెండు ముక్కలయ్యాయి, దాని ఎదురుగా "చెక్‌డ్, ఓకే" అని ఉంటుంది. మర్నాడు పొద్దున నిమ్మకాయ, బూజు కలిసి ఎదురొస్తాయి.

అడ్వైజర్ అబద్ధం ఆడాడని కాదు. అతని ముక్కుకు నిజంగానే ఏమీ తగలలేదు. ముక్కు పని తీరే అంత. మనిషి ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలున్నాయి. వాటి జన్యువుల గుట్టు విప్పినందుకే రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. తడి మట్టికి ఆ వాసన తెచ్చే జియోస్మిన్ అనే పదార్థం నీటిలో లక్ష కోట్ల భాగాల్లో కొన్ని భాగాలున్నా మనిషి పసిగడతాడు. అంత సున్నితమైన సాధనం ఏ వర్క్‌షాపులోనూ లేదు. అయితే అదే ముక్కు, ఒకే వాసన నిమిషాల తరబడి తగులుతుంటే దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కొత్త వాసన వస్తే చెప్పాలి కాబట్టి పాతదాన్ని పక్కన పెడుతుంది. రోజంతా పెట్రోలు, గ్రీజు, షాంపూ, పాలిష్ మధ్య నిలబడే కుర్రాడి ముక్కు ఎన్నింటిని పక్కన పెట్టి ఉంటుందో ఊహించవచ్చు. అతనికి రాలేదన్నంత మాత్రాన వాసన లేనట్టు కాదు. ఈ చిన్న సంగతి తెలిసి ఉంటే "మాకు రావట్లేదు" అనేవాడు "రేపు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూద్దాం, రాత్రికి బండి ఉంచండి" అని ఉండేవాడు.

చిత్రమేమిటంటే, కార్ల పరిశ్రమకు ముక్కు విలువ తెలియక కాదు. జర్మనీ కార్ల కంపెనీల సంఘం వీడీఏ 270 అనే ప్రమాణం ఒకటి పెట్టింది. సీటు గుడ్డ, ప్లాస్టిక్, జిగురు వంటి వాటి ముక్కలను గాజు సీసాలో పెట్టి వేడి చేస్తారు. మూత తీసి కొందరు మనుషులు వాసన చూస్తారు. ఏమీ తగలకపోతే 1, భరించలేకపోతే 6, మధ్యలో మెట్లు. యంత్రాలు ఎన్ని వచ్చినా ఆఖరి తీర్పు మనిషి ముక్కుదే. ఆడీ కంపెనీ 1985 నుంచి ఇందుకోసం ఒక ముక్కుల బృందాన్నే నడుపుతోంది. చైనాలో కొత్త కారు వాసన కొనేవాళ్లకు నచ్చదు. నాణ్యత సర్వేల్లో ఏళ్ల తరబడి అక్కడ అదే పెద్ద ఫిర్యాదుగా నిలిచింది. దాంతో ఫోర్డ్ కంపెనీ నాన్‌జింగ్‌లో వాసన చూసే నిపుణులను నియమించుకుంది. వాళ్లను బంగారు ముక్కులని పిలుస్తారు.

అంటే బండి అమ్మేదాకా ముక్కు మాటకు ఎదురులేదు. అది బాగాలేదంటే గుడ్డ మారుస్తారు, జిగురు మారుస్తారు. అమ్మాక అదే బండిలో కూర్చున్న కొనుగోలుదారుడి ముక్కు మాత్రం ఉత్త అనుమానపు ముక్కు అయిపోతుంది. ఫ్యాక్టరీలో దొరికిన గౌరవం దానికి డీలరు గుమ్మం దగ్గర ఎందుకు దొరకదు?

జవాబు కుర్రాడి స్వభావంలో లేదు, లెక్కల పుస్తకంలో ఉంది. వారంటీ పని చేస్తే డీలరుకు కంపెనీ డబ్బు చెల్లించేది ఫలానా భాగం చెడింది, ఫలానా పని చేశాం అని చూపించినప్పుడు. వాసనకు ఒక భాగమంటూ లేదు. స్కానర్ పెడితే కోడ్ రాదు. డాష్‌బోర్డు మొత్తం విప్పి వెతికితే రోజు గడిచిపోతుంది, ఆ రోజు కూలి ఎవరి పద్దులో వేయాలో తెలియదు. ఈలోగా బయట ఇరవై బళ్లు వరసలో ఉన్నాయి. సర్వీసుకు ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, ఎన్నింటికి క్లీనింగ్ ప్యాకేజీ అంటగట్టారు అన్న లెక్క సాయంత్రానికి మేనేజరు ముందు ఉండాలి. ఈ చుట్టుపక్కల పాలిటెక్నిక్‌లోనో ఇంజినీరింగ్ కాలేజీలోనో మెకానికల్ చదివి, మెడలో ట్యాగు వేసుకుని, పొద్దున్నుంచీ అందరి కోపాన్నీ నవ్వుతూ మింగే కుర్రాడిని ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు.

అతని కష్టం బయటపడేది బండి తాళాలు చేతిలో పెట్టేటప్పుడు. "రేపు కంపెనీ నుంచి కాల్ వస్తుంది సార్. పదికి పది ఇవ్వండి. తొమ్మిదిచ్చినా మాకు సున్నా కిందే లెక్క" అని గొంతు తగ్గించి అడుగుతాడు. వాసన పోలేదని తెలిసినా మనవాళ్లు చాలామంది పదే ఇస్తారు. పిల్లాడి ఉద్యోగం దేనికి చెడగొట్టాలన్న జాలి. ఆ జాలితో ఇచ్చిన పది, కంపెనీ పెద్దల కంప్యూటర్‌లో సంతృప్తిగా నమోదవుతుంది. ఫిర్యాదు తీరలేదు, ఫిర్యాదు ఉన్నట్టు ఎక్కడా లేదు, అందరూ బాగానే ఉన్నారు. బండిలో కూర్చునేవాళ్లు తప్ప.

కారు వాసన గురించి ఇంతగా చెప్పుకోవడం ఎక్కువనిపించవచ్చు. విజయవాడవాళ్లకు అలా అనిపించదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, కండ్రిక ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ బుడమేరు పుట్టింది మైలవరం చుట్టూ ఉన్న కొండల్లోనే. ఇక్కడ కురిసిన వాన వెలగలేరు దాటి అక్కడి వీధుల్లో ఇళ్లనూ బళ్లనూ ముంచింది. నీళ్లు తీశాక ప్రభుత్వం ఇళ్లకే కాదు, ద్విచక్ర వాహనాలకు 3 వేలు, ఆటోలకు 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. బీమా క్లెయిములు త్వరగా తేల్చమని కంపెనీలకు చెప్పింది. క్రేన్లు లాక్కొచ్చిన కార్లతో సర్వీసు సెంటర్ల ఆవరణలు నిండిపోయాయి.

నీళ్లలో మునిగిన కారును కడగడం తేలిక, ఆరబెట్టడం కష్టం. కార్పెట్ అడుగున మందమైన ఫోమ్ ఉంటుంది, సీట్లలో ఫోమ్ ఉంటుంది, తలుపుల లోపల, గడపల కింద వైర్ల కట్టలుంటాయి. మురుగునీరు, ఒండ్రు వాటిలోకి ఇంకిపోతాయి. సీట్లు, కార్పెట్ ఊడదీసి ఎండబెడితే తప్ప ఆ వాసన వదలదు. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టి, యజమానికి సొమ్ము ఇచ్చి, బండిని వేలానికి పంపుతారు. 2015 డిసెంబరు వరదల తర్వాత చెన్నైలో మునిగిన కార్లకూ ఇదే జరిగింది. వేలంలో చేతులు మారిన బండి ఎక్కడో తుడిపించుకుని, పాలిష్ పెట్టించుకుని, ఇంకో ఊళ్లో పాత కార్ల అంగట్లో నిలబడవచ్చు. ఆర్సీ మీద వరదలో మునిగిందని రాసి ఉండదు. రంగు చెప్పదు, మీటరు చెప్పదు. చెప్పేది వాసన ఒక్కటే. దాన్ని కప్పడానికే ఆ ఘాటు సెంటు.

పాత కారు కొనేవాళ్లు సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చూడాలంటారు అనుభవజ్ఞులు. రోజూ వాడేటప్పుడు కూడా చివరి జానెడు బయటికి రాదు కాబట్టి, బురద గీత, ముక్కవాసన అక్కడ మిగిలిపోతాయి. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు కూడా చూడాలి. ఇవన్నీ చూసినా చూడకపోయినా, తలుపు తీయగానే సెంటు గుప్పుమన్న బండిని మాత్రం అద్దాలు మూసి, ఎండలో గంట నిలబెట్టి, అప్పుడు మళ్లీ తలుపు తీయాలి. బండి చరిత్ర అప్పుడు కొంత బయటికి వస్తుంది.

చట్టం సంగతి కూడా చూద్దాం. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సేవలో లోపం అంటే ఏమిటో విడమరిచి చెప్పింది. చేయాల్సిన పని చేయకపోవడం, నిర్లక్ష్యం మాత్రమే కాదు, తెలిసిన విషయాన్ని కావాలని దాచడం కూడా అందులోకే వస్తుంది. కారు ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ధర 5 లక్షల దాకా ఉంటే ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు. కంపెనీ ఏ మహానగరంలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు రెండేళ్లు. దానికంటే ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పుకోవచ్చు.

అక్కడికి వెళ్లినా వాసనకు తన చిక్కు తనకు ఉంది. లోపం కంటికి కనబడేది కాకపోతే కమిషన్ పరీక్షకు పంపమంటుంది. వాసనకు ఏ ప్రయోగశాల? మారుతీ ఉద్యోగ్ సంస్థ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ అంటే చెడిన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో తప్ప కారు మొత్తం మార్చివ్వడం కాదని తేల్చింది. న్యాయమైన మాటే. క్లచ్ చెడితే క్లచ్ మారుస్తారు. ఏ భాగానికీ చెందని వాసనకు ఏం మారుస్తారు? అందుకే ఇలాంటి ఫిర్యాదులో కోర్టు కంటే ముందు కాగితం పనికొస్తుంది. వాసన ఏ పూట వస్తోంది, ఏసీ వేస్తేనా వేయకపోయినానా, వాన పడ్డాకనా, ముందు సీటు దగ్గరా వెనకనా అన్నది మనమే రాసుకుని వెళ్లాలి. అదంతా జాబ్ కార్డులో మన మాటల్లోనే ఎక్కించమని అడగాలి. ఎక్కించాకే సంతకం పెట్టాలి, నకలు దాచుకోవాలి. రెండోసారి, మూడోసారి అదే ఫిర్యాదుతో వెళ్తే ఆ కాగితాలే సాక్షులవుతాయి. మంచి మెకానిక్‌కైతే సగం దారి కూడా అవే చూపిస్తాయి. పొద్దున మాత్రమే వస్తుందంటే కాయిల్ వైపు, వాన తర్వాత వస్తుందంటే రబ్బర్లు, జల్లెడ వైపు, ఫ్యాను వేగం పెంచితే పెరుగుతోందంటే బ్లోయర్ వైపు అతని చెయ్యి తనంతట తనే పోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఈ ప్రశ్నలు అడిగే చేతులు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు కంప్యూటర్ తక్కువ, నిర్మొహమాటం ఎక్కువ. "ముందు తలుపులన్నీ వేసి నన్ను లోపల కూర్చోనీయండి బాబాయ్" అంటాడొక మెకానిక్. అతనికి వాసన తెలియాలి, తెలియకపోతే తెలిసినవాడిని అడగాలి. ఆ కాసేపు కూర్చోవడంలో పెద్ద నైపుణ్యం ఏమీ లేదు. బండి యజమాని చెప్పింది నిజమని ముందుగా ఒప్పుకోవడం ఉంది. షోరూంలో ఉన్న యంత్రాలకు ఆ ఒప్పుకోలు తోడైతే ఎవరూ ఆటోనగర్‌కు రారు.

ఒక సంగతి గమనించండి. వంటింట్లో ఈ నమ్మకం మనకు ఎప్పటినుంచో ఉంది. ఇంట్లో ఎవరైనా "గ్యాస్ వాసన వస్తోంది" అంటే రుజువు చూపించమని అడగం. స్విచ్చు ముట్టుకోం, కిటికీలు తెరుస్తాం, సిలిండరు కట్టేస్తాం. ఆ గ్యాస్‌కు నిజానికి చెప్పుకోదగ్గ వాసన లేదు. లీకైతే తెలియాలని కంపెనీలు కావాలనే మెర్‌కాప్టాన్ కలిపి ఆ కంపు తెప్పిస్తాయి. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, న్యూ లండన్ ఊరి బడిలో వాసన లేని గ్యాస్ పేరుకుని పేలింది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. గ్యాస్‌కు వాసన కలపాలన్న నియమాలు ఆ తర్వాత వచ్చాయి. ప్రపంచమంతా కోట్ల ఇళ్ల భద్రతను మామూలు మనుషుల ముక్కు మీద పెట్టి నిశ్చింతగా ఉంది.

ఇంటి గడప దాటాక ఆ నమ్మకం ఏమవుతుందో కోనసీమకు తెలుసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. లీకు గురించి ముందే చెప్పామని ఊరివాళ్లు అప్పుడు వాపోయారు. కారు కంపు ముందు అంత పెద్ద విషాదాన్ని తీసుకురావడం తగదేమో. కానీ రెండు చోట్లా తీరు ఒకటే. ఒక మామూలు మనిషి తనకు తెలిసింది చెబుతాడు. వినేవాడికి అది కనబడదు, అతని కాగితంలో దానికి గడి లేదు. లేనిదాని కింద కొట్టేస్తాడు.

అందుకే సేవ అనే మాటకు కొలత ఏసీ గదిలో వేసిన సోఫా, చేతికిచ్చిన కాఫీ కాకూడదు. చూపించలేని బాధను చెప్పినవాడిని ఎంతవరకు నమ్మారన్నదే కొలత కావాలి. శబ్దమైతే ఫోన్‌లో రికార్డు చేసి వినిపించవచ్చు. గీత పడితే ఫొటో తీయవచ్చు. వాసనను ఏ ఫోనూ పట్టలేదు. అక్కడ కొనేవాడి మాట ఒక్కటే మిగులుతుంది. ఆ మాటను తీసుకుంటారా, తోసేస్తారా అన్న దగ్గరే డీలరు అసలు రంగు బయటపడుతుంది.

దీనికి పెద్ద సంస్కరణలు అక్కర్లేదు. వాసన ఫిర్యాదు వస్తే బండిని ఒక రాత్రి ఉంచుకుని, మర్నాడు చల్లటి ఇంజనుతో యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని చూడాలన్న నియమం ఒకటి చాలు. ఆ వెతుకులాటకు పట్టే గంటలకు కంపెనీ తన లెక్కలో ఒక పద్దు తెరవాలి. ఫ్యాక్టరీలో ముక్కులకు జీతం ఇవ్వగలిగిన వాళ్లకు ఇది భారం కాదు. జాబ్ కార్డులో ఫిర్యాదుదారు మాటలకు రెండు వరసలు ఎక్కువ వదలాలి. ముందుగా ఎవరికి తెలిసిందో వాళ్లనే అడగాలి, వాళ్ల పక్కన నిలబడ్డ మొగుడిని కాదు. మనం కూడా ఒకటి మానుకోవాలి. వాసన అలాగే ఉండగా జాలిపడి పది ఇవ్వడం ఆ కుర్రాడికి మేలు చేయదు. అతని చేత ఆ పని చేయిస్తున్న పద్ధతికి మేలు చేస్తుంది. వాసన పోయిందా లేదా అన్నది ఉన్నదున్నట్టు చెప్పి, కుర్రాడు మర్యాదగా ఉన్నాడని విడిగా చెబితే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. పని నిజంగా అయిన రోజున, గొంతు తగ్గించి అడగాల్సిన అవసరం లేకుండానే ఆ పది మార్కులూ పడతాయి.